కారు డోర్ లాక్ పనిచేయట్లేదా? యాక్చువేటర్ కొనే ముందు ఒక బల్బు కొనండి

కొత్త ఫోన్ వస్తే మనం మొదట ప్రాసెసర్ చూస్తాం, తర్వాత కెమెరా, ఆ తర్వాత రిపేర్ చేసుకోవడానికి ఐఫిక్సిట్ వాళ్లు పదికి ఎన్ని మార్కులు వేశారో చూస్తాం. బ్యాటరీని జిగురుతో అతికించేశారని తెలిస్తే కంపెనీని ఉతికి ఆరేస్తాం. అదే మనం, కింద పార్కింగ్‌లో ఉన్న కారులో ఒక డోర్ లాక్ పడకపోతే మాత్రం తాళం తీసుకెళ్లి మెకానిక్ చేతిలో పెట్టేస్తాం. ఆయన ఏ పార్ట్ పోయిందంటే ఆ పార్ట్‌కి డబ్బు కట్టి వచ్చేస్తాం. ఫోన్ వేలల్లో, కారు లక్షల్లో. ప్రశ్నలు మాత్రం ఫోన్‌కే!

నా అభిప్రాయం సూటిగా చెప్పేస్తాను. డోర్ లాక్ యాక్చువేటర్ మార్చడం ఇంట్లో చేసుకోగలిగిన పనే. కానీ దానికంటే ముఖ్యమైన పని ఇంకొకటి ఉంది: పోయింది అసలు యాక్చువేటరేనా అని తేల్చుకోవడం. బిగించే పని మెకానిక్‌కి ఇచ్చినా పర్లేదు. తేల్చే పని మాత్రం మన చేతిలో ఉండాలి. కోడ్‌లో బగ్ ఎక్కడుందో చూడకుండా సర్వర్ మార్చేద్దాం అనే టీమ్ లీడ్‌ని మనం ఎలా చూస్తాం? డోర్ కూడా తెరవకుండా "యాక్చువేటర్ పోయింది సార్" అనే మాటనీ అలాగే చూడాలి.

లోపల ఉన్నది ఏమిటి?

పేరు పెద్దది కానీ వస్తువు చిన్నదే. అరచేతిలో పట్టే ప్లాస్టిక్ పెట్టెలో ఒక చిన్న 12 వోల్టుల డీసీ మోటార్, దానికి రెండు మూడు గేర్లు, ఆ గేర్లు కదిలించే ఒక లివర్. బటన్ నొక్కితే మోటార్‌కి సెకనులో కొంత భాగం పాటు కరెంట్ వస్తుంది. ఒకవైపు తిరిగితే లాక్, ప్లస్ మైనస్‌లు తారుమారై రెండో వైపు తిరిగితే అన్‌లాక్. అంతే.

మన దగ్గర ఇవి రెండు రకాలుగా కనిపిస్తాయి. తక్కువ వేరియంట్ కొని బయట సెంట్రల్ లాకింగ్ వేయించుకున్న కార్లలో యాక్చువేటర్ విడిగా ఉంటుంది. చూడటానికి చిన్న పిస్తోలులా ఉండి, ఒక రాడ్డును లాగుతూ తోస్తూ ఉంటుంది. సాధారణంగా డ్రైవర్ డోర్‌లో అయిదు వైర్లది, మిగతా డోర్లలో రెండు వైర్లది వేస్తారు. ఆ అదనపు వైర్లు ఎందుకంటే, డ్రైవర్ డోర్ లాక్ అయిందా లేదా అన్న సమాచారం కంట్రోల్ యూనిట్‌కి చేరాలి కాబట్టి. రెండో రకం, ఫ్యాక్టరీ నుంచే వచ్చేది. అందులో మోటార్, గేర్లు, స్విచ్‌లు అన్నీ డోర్ లాచ్‌లోనే కలిసిపోయి ఉంటాయి. మొదటి రకం విడి పార్ట్ వందల్లో దొరుకుతుంది. రెండో రకంలో చిన్న మోటార్ పోయినా చాలా కార్లకి లాచ్ మొత్తం కొనాల్సిందే, అది వేలల్లోకి వెళ్తుంది. తేల్చుకోవడం ఎందుకు ముఖ్యమో ఇక్కడే అర్థమవుతుంది.

ఇది సౌకర్యానికి సంబంధించిన విషయం మాత్రమే కూడా కాదు. వెనక డోర్‌కి చైల్డ్ లాక్ వేసి ఉంటే లోపలి హ్యాండిల్ పనిచేయదు. ఆ డోర్ యాక్చువేటర్ కూడా లాక్ స్థితిలోనే ఆగిపోయిందనుకోండి, రిమోట్ నొక్కినా బయటి నుంచి తెరుచుకోదు. లోపలున్న లాక్ నాబ్‌ని చేత్తో తీస్తే తప్ప దారి లేదు. వెనక సీట్లో కూర్చున్న నాలుగేళ్ల పిల్లకి ఆ సంగతి తెలియదు. ప్రమాదం జరిగినప్పుడు డోర్లన్నీ వాటంతటవే అన్‌లాక్ అయ్యే సదుపాయం చాలా కార్లలో ఉంది. ఆ సదుపాయం పనిచేయాలన్నా ఈ చిన్న మోటారే తిరగాలి. అందుకే "ఆ ఒక్క డోర్ చేత్తో వేసుకుంటున్నాంలే" అని ఏడాది పాటు నెట్టుకురావడం నాకు నచ్చదు.

స్క్రూడ్రైవర్ పట్టకముందే సగం తేలిపోతుంది

డీబగ్గింగ్‌లో మొదటి పని సమస్య పరిధిని తగ్గించడం. ఇక్కడా అంతే.

రిమోట్‌తో మాత్రమే పనిచేయట్లేదు, డ్రైవర్ డోర్ దగ్గరి స్విచ్‌తో అన్నీ బాగానే పడుతున్నాయా? అయితే డోర్ల జోలికి వెళ్లకండి. ముందు తాళంలోని బటన్ సెల్ మార్చండి. చాలా రిమోట్లలో ఉండేది సీఆర్2032, కిరాణా షాపులో కూడా దొరుకుతుంది.

నాలుగు డోర్లూ ఒకేసారి ఆగిపోయాయా? నాలుగు మోటార్లు ఒకే రోజు పోవడం అరుదు. ఫ్యూజ్, రిలే, కంట్రోల్ యూనిట్, లేదా డ్రైవర్ డోర్ స్విచ్ వైపు చూడాలి. ఫ్యూజ్ ఎక్కడుందో కారుతో వచ్చిన పుస్తకంలో ఉంటుంది. మనలో ఎవరూ తెరవని పుస్తకం అదే.

లాక్ పడినట్టే పడి వెంటనే అన్నీ మళ్లీ తెరుచుకుంటున్నాయా? అప్పుడు మొదటి అనుమానం డ్రైవర్ డోర్‌లోని చిన్న స్విచ్ మీద. లాక్ అయినా "ఇంకా కాలేదు" అని అది తప్పుడు సమాచారం పంపుతుంటే కంట్రోల్ యూనిట్ అయోమయంలో పడుతుంది. లక్షణం నాలుగు డోర్లలో కనిపిస్తుంది, జబ్బు ఒక్క డోర్‌లో ఉంటుంది.

ఒకే ఒక్క డోర్ మొరాయిస్తోందా? ఇప్పుడు ఆ డోర్‌కి చెవి ఆనించి, ఇంకొకరిని బటన్ నొక్కమనండి. అసలు చప్పుడే లేకపోతే, కరెంట్ రావట్లేదు లేదా మోటార్ చచ్చిపోయింది. గిర్రున తిరిగిన చప్పుడు వచ్చి లాక్ కదలకపోతే, గేర్ పళ్లు అరిగాయి లేదా రాడ్డు క్లిప్పు ఊడింది. నీరసంగా "టక్" అని సగం దూరం కదిలి ఆగితే, మోటార్ బలహీనపడింది, గ్రీజు గట్టిపడింది, లేదా వచ్చే కరెంటే చాలట్లేదు. ఒకసారి లాక్ నాబ్‌ని చేత్తో కూడా కదిపి చూడండి. చేత్తోనే బిగుసుకుపోతుంటే పాపం మోటార్ మాత్రం ఏం చేస్తుంది?

ఇంతవరకూ పైసా ఖర్చు లేదు, ఒక్క స్క్రూ కూడా విప్పలేదు.

మల్టీమీటర్ 12 చూపిస్తే నమ్మేయకండి

ఒక్క డోర్‌లోనే సమస్య అని తేలాక డోర్ ప్యాడ్ విప్పి, యాక్చువేటర్ కనెక్టర్ దగ్గర కరెంట్ వస్తోందో లేదో చూడాలి. ఇక్కడే మనలాంటి వాళ్లు చాలామంది మల్టీమీటర్ తీస్తారు. అది రెండు రకాలుగా తప్పుదారి పట్టిస్తుంది.

మొదటిది, మోటార్‌కి కరెంట్ వచ్చేది క్షణం పాటే. మామూలు డిజిటల్ మీటర్ సెకనుకి రెండు మూడు సార్లే కొలుస్తుంది. ఆ క్షణం దాని చేతికి చిక్కకపోవచ్చు, చిక్కినా ఏ 5 వోల్టులో 7 వోల్టులో చూపించి జారిపోవచ్చు. అది చూసి "వోల్టేజీ తక్కువ వస్తోంది" అనుకుంటే అక్కడి నుంచి పక్కదారే.

రెండోది ఇంకా ముఖ్యం. మీటర్ దాదాపుగా కరెంట్ తీసుకోదు. పది పదిహేను పోగులుండే వైర్‌లో ఒక్క పోగు మిగిలి ఉన్నా సరే, అది నిక్షేపంగా 12 వోల్టులు చూపిస్తుంది. మోటార్‌కి కావాల్సింది వోల్టులు ఒక్కటే కాదు, ఆంపియర్లు కూడా. ఆ ఒక్క పోగు గుండా అంత కరెంట్ లాగబోతే వోల్టేజీ అక్కడే కుప్పకూలుతుంది. లోడ్ టెస్ట్ లేకుండా ఒక్క రిక్వెస్ట్ పంపి సర్వర్ బాగుందని సర్టిఫికెట్ ఇచ్చినట్టన్నమాట.

దీనికి మందు మోటార్ స్పేర్ల షాపులో దొరికే 21 వాట్ల ఇండికేటర్ బల్బు. 12 వోల్టుల మీద అది సుమారు 1.75 ఆంపియర్లు లాగుతుంది, అంటే నిజంగా లోడ్ పెట్టినట్టే. రెండు వైర్లు అతికించి కనెక్టర్‌లోని మోటార్ పిన్నుల మధ్య పెట్టండి. లాక్ నొక్కితే ఒకసారి, అన్‌లాక్ నొక్కితే ఒకసారి ధగ్గున వెలగాలి. వెలిగితే కరెంట్ బాగానే వస్తోంది, నేరం యాక్చువేటర్‌దే. మినుకుమంటే, అసలు వెలగకపోతే, యాక్చువేటర్ కొనకండి, వైర్ వెతకండి. ఎల్ఈడీ బల్బు మాత్రం పెట్టొద్దు, అది కొద్దిపాటి కరెంట్‌కే వెలిగి మళ్లీ మీటర్ చెప్పిన అబద్ధమే చెబుతుంది.

ఒక జాగ్రత్త. ఫ్యాక్టరీ లాచ్‌లో అయిదారు పిన్నులుంటాయి. వాటిలో మోటార్‌వి రెండే, మిగతావి సెన్సర్ స్విచ్‌లవి. ఆ సన్న వైర్ల మీద బల్బు పెట్టకూడదు. కంట్రోల్ యూనిట్ ఖరీదు ముందు లాచ్ ఖరీదు చిల్లరలా కనిపిస్తుంది. మీ మోడల్ వైరింగ్ డయాగ్రమ్ దొరికాకే ఈ పని మొదలుపెట్టండి.

అసలు దొంగ రబ్బరు గొట్టంలో ఉండొచ్చు

డోర్ తెరిస్తే, బాడీకీ డోర్‌కీ మధ్య ముడతల రబ్బరు గొట్టం కనిపిస్తుంది. డోర్‌లోకి వెళ్లే వైర్లన్నీ అందులోంచే పోతాయి. రోజుకి పదిసార్లు డోర్ తెరిచి మూస్తే ఎనిమిదేళ్లలో 29,200 సార్లు. అన్నిసార్లూ ఆ వైర్లు అదే చోట వంగుతాయి. ఛార్జర్ కేబుల్ ఎప్పుడూ మెడ దగ్గరే ఎందుకు తెగుతుందో మనకి తెలుసు కదా, ఇదీ అదే.

మా నాన్న కారుకి ఎడమవైపు వెనక డోర్ లాక్ ఒక రోజు పడేది, ఒక రోజు పడేది కాదు. మా ఊళ్లో ఒక గ్యారేజీలో చూపిస్తే లాచ్ మొత్తం మార్చాలన్నారు, అది కూడా డోర్ విప్పకుండానే. ఆదివారం ఇంటి దగ్గర బల్బు పెట్టి చూశాను. డోర్ పూర్తిగా తెరిచి ఉంచితే మినుకుమంది, సగం మూస్తే ధగధగా వెలిగింది. రబ్బరు గొట్టం వెనక్కి లాగితే లోపల నీలం వైర్ ఇన్సులేషన్ పగిలి, రాగి పోగులు చాలావరకు తెగి ఉన్నాయి. అదే మందం వైర్ ముక్క, సోల్డర్, హీట్ ష్రింక్ స్లీవ్. అతుకు వంగే చోట పడకుండా గొట్టానికి అవతల పడేలా వేశాను. వంద రూపాయల్లోపు తేలిపోయింది. కొత్త లాచ్ వేసి ఉంటే? వైర్ అలాగే ఉండేది, వేల రూపాయల లాచ్ కూడా ఒక రోజు పడేది, ఒక రోజు పడేది కాదు.

మెకానిక్ మోసగాడని నేను అనట్లేదు. రోజుకి ఎన్నో కార్లు చూసే ఆయనకి ఒక వైర్ వెనక గంట కూర్చునే తీరిక ఉండదు. పార్ట్ మారిస్తే డబ్బు ఇస్తాం, "ఏం పోయిందో కనుక్కున్నాను" అంటే ఎవరం డబ్బు ఇవ్వం. తప్పు ఆ లెక్కలో ఉంది.

నిజంగానే పోతే ఎలా మార్చాలి?

బల్బు ధగ్గున వెలిగింది, మోటార్ కదల్లేదు. ఇంకొక్క నిర్ధారణ చేసుకోండి. యాక్చువేటర్ కనెక్టర్ తీసేసి, 12 వోల్టుల యూపీఎస్ బ్యాటరీ నుంచి మధ్యలో చిన్న ఫ్యూజ్ పెట్టి, మోటార్ పిన్నులకి అర సెకను మాత్రమే తాకించండి. వైర్లు అటూ ఇటూ మార్చి మళ్లీ తాకించండి. ఎక్కువసేపు పట్టుకుంటే బాగున్న మోటార్ కూడా వేడెక్కుతుంది. వైఫై రూటర్ అడాప్టర్‌తో ప్రయత్నించి తీర్పు ఇవ్వొద్దు. సాధారణంగా అది ఇచ్చేది ఒకటి, ఒకటిన్నర ఆంపియరే, మోటార్ కదలకపోవడానికి అదే కారణం కావచ్చు.

ఇక పని క్రమం ఇది. అద్దం పూర్తిగా పైకి ఎత్తండి. బ్యాటరీ నెగటివ్ తీసి కొన్ని నిమిషాలు ఆగండి. కొన్ని కార్ల డోర్లలో సైడ్ ఎయిర్‌బ్యాగ్‌కి సంబంధించిన సెన్సర్ ఉంటుంది, అది ఊడదీసి ఇగ్నిషన్ ఆన్ చేస్తే డ్యాష్‌బోర్డులో హెచ్చరిక లైటు పడుతుంది. హ్యాండిల్ వెనక మూత కింద, ఆర్మ్‌రెస్ట్ లోపల దాగి ఉన్న స్క్రూలు తీయండి. డోర్ ప్యాడ్ అంచుల క్లిప్పుల్ని ప్లాస్టిక్ పనిముట్టుతో లేపండి, ఫోన్ తెరవడానికి వాడే సన్న పిక్ ఇక్కడ ఆగదు. ఒక్కో దశకి ఒక ఫోటో తీసుకోండి, ముఖ్యంగా రాడ్డులు ఏ రంధ్రంలో ఉన్నాయో.

లోపల జిగురుతో అతికించిన ప్లాస్టిక్ షీట్ ఉంటుంది. చింపేయకండి. వాన నీళ్లు డోర్ లోపలికి దిగి కింది రంధ్రాల గుండా పోవాలి, క్యాబిన్‌లోకి రాకూడదు. ఆ పని చేసేది ఆ షీటే. అది సరిగా అతక్కపోతే జులైలో మ్యాట్ కింద చెరువు తయారవుతుంది.

లాచ్‌ని పట్టి ఉంచేవి డోర్ అంచున కనిపించే మూడు స్క్రూలు, చాలా కార్లలో టార్క్స్ తలవి. సరైన బిట్ లేకుండా తిప్పితే తల అరిగిపోతుంది. కేబుళ్లు, రాడ్డులు ఊడదీసి లాచ్‌ని కింది నుంచి బయటికి తీయండి. లోపలి రేకు అంచులు కత్తిలా ఉంటాయి, గ్లౌజులు తప్పనిసరి. కొత్తది బిగించేటప్పుడు తుప్పు వదిలించే స్ప్రే కొట్టొద్దు, అది ఉన్న గ్రీజుని కడిగేస్తుంది. ప్లాస్టిక్‌కి పడే గ్రీజు కొద్దిగా చాలు.

ఇప్పుడు అన్నింటికంటే ముఖ్యమైన మాట. డోర్ మూయకండి. ముందు డోర్ తెరిచి ఉండగానే లాచ్ నోటిని స్క్రూడ్రైవర్‌తో తోసి, మూసుకున్న స్థితికి తీసుకురండి. బ్యాటరీ కలిపి లాక్, అన్‌లాక్, బయటి హ్యాండిల్, లోపలి హ్యాండిల్, వెనక డోర్ అయితే చైల్డ్ లాక్, అన్నీ పరీక్షించండి. బయటి హ్యాండిల్ లాగితే లాచ్ తెరుచుకోవాలి. రాడ్డు తప్పుగా తగిలించి డోర్ మూసేశారో, ఇక అది తెరుచుకోదు. మూసిన డోర్ నుంచి ప్యాడ్ ఊడదీయడం ఎంత నరకమో ఏ మెకానిక్‌ని అడిగినా చెబుతాడు. టెస్ట్ చేయకుండా ప్రొడక్షన్‌కి పంపొద్దని మనకి ఎవరూ చెప్పక్కర్లేదు కదా.

వారంటీలో ఉన్న కారు, హ్యాండిల్ తాకితే తెరుచుకునే కీలెస్ వ్యవస్థ, రివెట్లతో బిగించిన డోర్ ప్యానెల్: ఈ మూడింటిలో ఏది ఉన్నా నేనైతే లక్షణాలు మాత్రం తేల్చుకుని, విప్పే పని సర్వీస్ సెంటర్‌కే వదిలేస్తాను.

ఈ చిన్న మోటార్ వెనక పెద్ద ప్రశ్న

పార్ట్ దొరకడం, డయాగ్రమ్ దొరకడం మన అదృష్టం మీద ఎందుకు ఆధారపడాలి? 2014 ఆగస్టులో కాంపిటీషన్ కమిషన్ ఆఫ్ ఇండియా 14 కార్ల కంపెనీలకి కలిపి సుమారు 2,545 కోట్ల రూపాయల జరిమానా వేసింది. స్పేర్ పార్టులు, డయాగ్నొస్టిక్ పరికరాలు, సాంకేతిక సమాచారం బయటి మెకానిక్‌లకి అందకుండా చేశారన్నది అందులో ప్రధాన విషయం. బయట రిపేర్ చేయించినంత మాత్రాన వారంటీ మొత్తం రద్దు అనే గంపగుత్త షరతు పెట్టొద్దని కూడా చెప్పింది. తర్వాత అప్పీళ్లు నడిచాయి. 2022 డిసెంబర్ 24న కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ రైట్ టు రిపేర్ పోర్టల్ ప్రారంభించింది. అది పెట్టుకున్న నాలుగు రంగాల్లో మొబైల్స్, ఎలక్ట్రానిక్స్ ఒకటి, ఆటోమొబైల్స్ మరొకటి. మనం ఫోన్ గురించి అడిగే హక్కూ, కారు గురించి అడగని హక్కూ ఒకే చోట ఉన్నాయన్నమాట.

కంపెనీల వైపు వాదన కూడా ఉంది. మోటార్‌ని లాచ్‌లో కలిపేస్తే దుమ్ము, నీళ్లు చేరవు, బిగింపు తేలిక, దొంగలకి రాడ్డు అందదు. ఒప్పుకుంటాను. ఫోన్‌కి నీళ్లు తగలకుండా జిగురు వేశామని చెప్పేదీ ఇలాంటి వాదనే. సీల్ చేయండి, కాదనట్లేదు. కానీ లోపలి మోటార్‌ని విడి పార్ట్‌గా అమ్మండి, ఏ పిన్ను దేనికో చెప్పే ఒక్క పేజీ ఇవ్వండి. ఆ పేజీ ఇస్తే దొంగలకి కొత్తగా ఒరిగేదేమీ లేదు, నాన్న కారు బాగుచేసుకునే కుర్రాడికి ఆదివారం మిగులుతుంది.

ఇప్పటికైతే విడి పార్టులకి విజయవాడ ఆటోనగర్, సికింద్రాబాద్ రాణిగంజ్ లాంటి చోట్లు ఉన్నాయి. పాతది చేత్తో పట్టుకెళ్లి, దాని మీది నంబరు, కనెక్టర్ పిన్నులు, ఎడమ కుడి సరిచూసుకుని కొనండి. మల్టీమీటర్, సోల్డరింగ్ ఐరన్, స్లీవులు కోఠి గుజరాతీ గల్లీలో దొరుకుతాయి.

ఈసారి కారు రివ్యూ చూసేటప్పుడు స్క్రీన్ ఎన్ని అంగుళాలు, సన్‌రూఫ్ ఉందా అన్న ప్రశ్నల పక్కన ఇంకొకటి చేర్చండి: డోర్ లాక్ మోటార్ పోతే మోటార్ ఒక్కటే దొరుకుతుందా, లాచ్ మొత్తం కొనాలా? షోరూమ్‌లో సేల్స్ కుర్రాడికి జవాబు తెలియకపోవచ్చు. పదిమంది అడిగితే తెలుసుకుంటాడు, వందమంది అడిగితే కంపెనీ తెలుసుకుంటుంది. ఫోన్ బ్యాటరీల విషయంలో కంపెనీలు కొంతైనా దిగొచ్చాయంటే మనలాంటి వాళ్లు అడుగుతూనే ఉండబట్టే.